వరిచేనిలో టీకామందా?

"అరటిపండు తినిన చాలును, సూదిపోటు అక్కరలేదు" అను మాట మన పట్టణములలోని పఠనమందిరములందు మరల వినవచ్చుచున్నది. ఎవరో ఎక్కడనో వ్రాసిన నాలుగు పంక్తులను పదిమంది చదివి, ఇరువదిమంది చెప్పుకొని, తుదకు రావులపాలెము అరటిసంతలో రేపో మాపో టీకాపండ్లు గెలలు గెలలుగా దిగునన్నంతవరకు వచ్చినది. వింతవార్త యనిన మనవారికి ప్రీతి మెండు. ప్రీతి తప్పు కాదు. కాని యీ వార్తలో నిజమెంత, కల యెంత, నిజమే యైనచో గోదావరి డెల్టాకు దానివలన కలుగు లాభమేమి, ముప్పేమి యని తర్కించి చూచినవారు కొద్దిమంది. మా యభిప్రాయమును ముందుగనే చెప్పివేయుట న్యాయము. మొక్కచేత టీకామందు చేయించు విద్యను మనము విడువరాదు. కాని యా మొక్క మన వరి కారాదు, మన యరటి కారాదు. అది పొగాకు కావలెను. ఆ పొగాకును పెంచు చేయి ప్రజల చేయి కావలెను.

ఈ కలకు ముప్పది యేండ్లు దాటినవి. అమెరికాలో చార్లెస్ ఆర్న్‌ట్‌జెన్ అను శాస్త్రజ్ఞుడును, ఆయన సహచరులును 1992లో హెపటైటిస్ బి అను కామెర్లవ్యాధి క్రిమి పైపొరలోని మాంసకృత్తును పొగాకు మొక్కచేత చేయించిరి. చేయించుట యనగా నేమి? ఏ మాంసకృత్తును ఎట్లు కట్టవలెనో చెప్పు వ్రాతప్రతి ప్రతి జీవకణమునందును ఉండును. అందలి యొక్కొక్క పాఠమును జన్యువందురు. రోగక్రిమి జన్యువులలో ఒక్కదానిని, తనంత తాను రోగము కలిగింపజాలనిదియు, మన దేహము శత్రువును గుర్తుపట్టుటకు మాత్రము చాలునదియు నైన దానిని వేరుచేసి, నేలలో సహజముగా నుండి మొక్కలకు కణుతులు లేపు ఒక సూక్ష్మజీవిని వాహనముగా చేసికొని, మొక్క కణములోనికి పంపుదురు. అటుపిమ్మట మొక్క తన పనులతోపాటు ఆ పనియు చేయును. ఆకులో, దుంపలో, పండులో ఆ మాంసకృత్తు చేరును. దానిని తినినచో మొక్క కణముల గట్టిగోడలు జీర్ణాశయపు ఆమ్లమునుండి కొంత కాపాడగా, అది ప్రేగులకు చేరి అచ్చటి కావలివారిని మేల్కొల్పును. కలరా మొదలగు రోగములు ప్రేగుల ద్వారముననే లోనికి వచ్చును గనుక, కావలి ఆ ద్వారమునందే లేచుట మేలు. ఇది సిద్ధాంతము. నోటిద్వారా టీకా యనునది మనకు క్రొత్త కాదు. పోలియో చుక్కల నెరుగని తల్లి డెల్టాలో లేదు. 2016లో రోటావైరస్ చుక్కలను ప్రభుత్వ టీకా కార్యక్రమమున మొట్టమొదట ప్రవేశపెట్టిన నాలుగు రాష్ట్రములలో ఆంధ్రప్రదేశ మొకటి. క్రొత్తది మందు పోవు త్రోవ కాదు, మందు పుట్టు చోటు.

1998లో మేరీలాండు విశ్వవిద్యాలయమువారు ఈ సిద్ధాంతమును మనుష్యులయందు పరీక్షించిరి. విరేచనములు కలిగించు ఒక సూక్ష్మజీవి విషములోని నిరపాయమైన భాగమును తమలో చేసికొనిన బంగాళాదుంపలను 11 మందికి పచ్చివిగనే తినిపింపగా 10 మంది రక్తమున ప్రతిరక్షకములు పెరిగినవి. 2000లో వాంతులు, విరేచనములు కలిగించు నార్వాక్ క్రిమికి ఇట్టి పరీక్షయే జరుగగా 20 మందిలో 19 మందియందు ఏదో యొక రీతి ప్రతిస్పందన కనబడినది. 2005లో కామెర్ల దుంప వంతు వచ్చెను. మునుపే సూదిటీకా పొందియున్నవారికి మూడుమారులు ఆ దుంపను పెట్టగా 16 మందిలో 10 మందికి ప్రతిరక్షకములు హెచ్చినవి. అంకెలు చూడ సంతోషము కలుగును. అయినను వీనిలో నొక్కటియు సంతకు రాలేదు. ఏల?

పచ్చి బంగాళాదుంప తినుటకు ఎవరును ఇష్టపడరు. ఉడికించినచో మందులో చాల భాగము చెడును. ఇది చిన్న చిక్కు. పెద్ద చిక్కు మోతాదు. ఒకే గెలలో పై హస్తపు పండు వేరు, క్రింది హస్తపు పండు వేరు. లంకలో పండినది వేరు, మెరకలో పండినది వేరు. ఎండకు, ఎరువుకు, నీటికి మొక్క గుణము మారుచుండును. ఒక బిడ్డకు చాలినంత, వేరొక బిడ్డకు చాలనంత పడినచో, ఆ రెండవ బిడ్డ తల్లి తన బిడ్డకు రక్షణ కలిగినదనియే నమ్మి నిశ్చింతగా నుండును. టీకా లేనివాని కంటె టీకా ఉన్నదని భ్రమపడినవానికే అపాయ మెక్కువ. ఇంకొక సూక్ష్మము గలదు. మన ప్రేగులు ప్రతిదినము తిను అన్నమును శత్రువని తలంపవు. తలంచినచో బ్రతుకే లేదు. టీకాను అన్నమువలె దినదినము తినినచో, దేహము దానినిగూడ ఇంటిదానినిగా నెంచి యూరకుండుట నేర్చుకొనవచ్చును. ఈ కారణములచేతనే యీ విద్యలోని వారు క్రమముగా "తినెడు టీకా" యను పేరును విడిచి, "మొక్కలనుండి చేయు టీకా" యని చెప్పుకొనుట కలవాటుపడిరి. పేరు మారినదనిన పెద్ద సంగతియే మారినది. పండు కోసి నోటపెట్టుట కాక, ఆకునుండి మందు తీసి, శుద్ధిచేసి, తూచి యిచ్చుట అని దానికర్థము. మన పఠనమందిరములకు ఈ రెండవ వార్త యింకను చేరలేదు.

మన దేశమువారును చేతులు ముడుచుకొని కూర్చుండలేదు. బెంగుళూరి భారతీయ విజ్ఞానసంస్థలో లక్ష్మీసీత, షైలా గారలును వారి సహచరులును పశువుల పెద్దరోగమునకు వేరుశనగ మొక్కలో టీకా మాంసకృత్తును చేయించి, దానిని పశువులకు మేపి, ప్రతిరక్షకములు కలుగుట 2003లో చూపిరి. పెద్దరోగమనగా నేటి యువకు లెరుగరు; దొడ్లకు దొడ్లు ఖాళీచేసి, రైతును ఎద్దులేనివానిని చేసి నిలిపిన మారి యది. పరిశోధన శ్లాఘ్యమే. కాని 2006 నాటికి భారతదేశము, 2011 నాటికి ప్రపంచమంతయు ఆ రోగమునుండి విముక్తిపొందెను. విముక్తి కలిగించినది సూదిటీకాయు, ఊరూర తిరిగిన పశువైద్యుల కాళ్ళును. 2005లో బొంబాయి భాభా అణుపరిశోధన కేంద్రమున గణపతి ప్రభృతులు అరటిమొక్కచేత కామెర్ల టీకా మాంసకృత్తును చేయించిరి. రావులపాలెము కథకు మూలమిదియే యని తోచుచున్నది. ఆ యరటి సంతకు రాలేదు.

వచ్చినచో న్యాయవాదులకు మాత్రము పండుగయే. ఆ పండు ఔషధమైనచో 1940 నాటి ఔషధముల చట్టము క్రింద లైసెన్సు కావలెను. ఆహారమైనచో 2006 నాటి ఆహారభద్రతా చట్టమునకు లోబడవలెను. తోపుడుబండివాడు మందుల దుకాణదారుడగునా? పండు మ్రగ్గి మచ్చలు పడినచో గడువుతీరిన మందు నమ్మిన నేరమగునా? పెరటిలోని పిలకను పొరుగింటికిచ్చిన ఇల్లాలు లైసెన్సులేక మందు తయారుచేయించినదగునా? ఇట్టి వ్యాజ్యములవలన ప్లీడరు గుమాస్తాలకు పని దొరకునేగాని బిడ్డలకు రక్ష దొరకదు.

హాస్యము చాలించి అసలు భయమునకు వత్తము. టోక్యో విశ్వవిద్యాలయమువారు హిరోషి కియోనో నాయకత్వమున కలరాకు టీకాను వరిగింజలో చేయించిరి. 2007లో ఎలుకలయందలి ఫలితమును, 2021లో మనుష్యులయందలి తొలిదశ పరీక్షా ఫలితమును ప్రకటించిరి. గింజలోనున్న ఆ మందు చలువపెట్టె లేకయే చిరకాలము చెడక నిలుచును. మంచుడబ్బా భుజమున వ్రేలాడదీసికొని రంపచోడవరము కొండలెక్కు ఆరోగ్య కార్యకర్త కిది యెంత వరమో చెప్పనక్కరలేదు. ఇక వరి యనగానే గోదావరి. మారుటేరు పరిశోధన స్థానము 1925 నుండి వరికై పాటుపడుచున్నది. అచ్చట పుట్టి 1982లో విడుదలయైన స్వర్ణ దేశపు తూర్పుభాగము నెల్ల నాక్రమించినది. అచ్చటనే పుట్టిన కాటన్‌దొర సన్నాల జన్యువును సవరించి చేసిన క్రొత్త వంగడమును కేంద్రప్రభుత్వము 2025 మే నెలలో ప్రకటించినది. (అది పరాయి జన్యువును చేర్చినది కాదు, ఉన్న దానినే దిద్దినది. మనము మాటలాడుచున్న టీకావరి వేరు.) కావున "జపానువారు చేసినది మారుటేరువారు చేయలేరా? మన చేలలో కలరాకు మందు పండరాదా?" యని స్వదేశాభిమానముగల యువకు డడుగును. చేయగలరు. చేయరాదని మా వాదము.

జపానువారు ఆ వరిని చేలలో నాటలేదను సంగతిని మొదట గమనింపవలెను. మూసిన గదులలో, దీపకాంతిలో, మట్టిలేక నీటిలో పెంచి, బియ్యమును పిండిచేసి, తూచి, ద్రవములో కలిపి త్రాగించిరి. వండి వడ్డింపలేదు. మన డెల్టా సంగతియో? ధవళేశ్వరము ఆనకట్ట 1852లో ముగిసినది మొదలు ఒక కాలువనీరు పది యూళ్ళ చేలగుండ పారుచున్నది. ఒకని చేని మురుగు వేరొకని చేనికి సాగునీరు. సార్వా కోసిన చేలలో రాలిన గింజ దాళ్వాలో మొలచును. కోతయంత్రము పొద్దున ఒక యూర, మాపున వేరొక యూర కోయును. దాని కడుపులో ముందటి చేని గింజలు మిగిలియుండును. కళ్ళములో, బస్తాలో, లారీలో, మిల్లులో అన్నియు కలియును. బెరుకులు లేని చేనిని చూపుమనిన ఏ ఆసామి చూపగలడు? వరి చాలవరకు తన పుప్పొడితో తానే ఫలించును గనుక కలుషితమగునను భయము తక్కువ యని శాస్త్రజ్ఞులందురు. నిజమే. భయము పుప్పొడివలన కాదు, గోనెసంచివలన.

ఇది యూహ కాదు. 2001లో అమెరికాలోని నెబ్రాస్కా రాష్ట్రమున ప్రొడిజీన్ అను కంపెనీ పందులకు టీకామందు పండించుటకై వేసిన మొక్కజొన్న గింజలు మరుసటి యేడు అదే చేలలో మొలచి, అచ్చట వేసిన సోయాతో కలిసిపోయెను. కలిసినది పిడికెడు, ఆపివేయవలసి వచ్చినది 5 లక్షల బుషెళ్ళ సోయా. కంపెనీకి 2,50,000 డాలర్ల జరిమానా పడినది. సోయాను కొని నాశనముచేయు ఖర్చు సుమారు 30 లక్షల డాలర్లు. 2006లో అంతకంటె పెద్ద యుపద్రవము వచ్చెను. అనుమతి లేక ప్రయోగములకు మాత్రమే పండించిన బేయర్ కంపెనీ వరిరక మొకటి అమెరికా పొడుగుబియ్యములో జాడగా కనబడినదని ప్రకటింపగనే జపాను ఆ బియ్యమును నిలిపివేసెను, ఐరోపావారు పరీక్షలు పెట్టిరి, ధర పడిపోయెను. ఆర్కాన్సా, లూసియానా మొదలగు రాష్ట్రముల రైతులు కోర్టులకెక్కగా, 2011లో ఆ కంపెనీ 75 కోట్ల డాలర్ల వరకు చెల్లించుట కొప్పుకొనినది. ఆ రకములో నున్నది మందు కాదు, కలుపుమందును తట్టుకొను గుణము మాత్రమే. కాకినాడ రేవునుండి ఆఫ్రికా దేశములకు బియ్యపు ఓడలు పోవుచున్నవి. ఒక్క ఓడలోని ఒక్క నమూనాలో టీకాజన్యువు కనబడినదను వార్త పుట్టినచో మన మిల్లర్ల గతియేమి, రైతు గాదెలోని ధాన్యము గతియేమి? అమెరికా రైతుకు కంపెనీని కోర్టుకీడ్చుటకు ప్లీడర్లును, ఓపికయు నుండెను. అయిదెకరముల కౌలురైతు ఎవరిని కోర్టుకీడ్చును? కౌలుకాగితమే లేని వానికి వ్యాజ్యమెట్టిది?

ఇంత చెప్పినంతమాత్రమున జన్యువిద్య యంతయు పాపమనువారి పక్షమున మేము చేరినట్లు కాదు. ఆ విద్య యిదివరకే మన యిండ్లలోనికి వచ్చియున్నది. హైదరాబాదులో వరప్రసాదరెడ్డిగారు 1993లో స్థాపించిన శాంతా బయోటెక్నిక్స్ సంస్థ 1997 ఆగస్టులో విడుదలచేసిన కామెర్ల టీకా, మొక్కలో చేసినది కాకపోయినను, జన్యువును మార్చిన ఈస్టు అను సూక్ష్మజీవిచేత చేయించినదే. అంతవరకు విదేశముల నుండి వచ్చుచు ధనవంతులకే అందుచుండిన ఆ మందు, తెలుగుగడ్డపై పుట్టిన పిదప సామాన్యుని కందినది. దోషము జన్యువునందు లేదు. దానిని ఎచ్చట పెంతురు, ఎవరు సొంతముచేసికొందురు అనుటయందున్నది.

సొంతమను మాట వచ్చినది గనుక శాంతా కథను తుదవరకు చెప్పవలెను. ఆ సంస్థయే నోటిద్వారా త్రాగు కలరా టీకాను 2009లో తెచ్చెను. చవకైన మందు, పేదదేశముల మందు. అదే యేడు సంస్థ ఫ్రెంచి కంపెనీయగు సనోఫీ చేతికి పోయినది. 2020లో సనోఫీవారు ఈ కలరా టీకా తయారీని 2022 చివరకు నిలిపివేయుదుమని ప్రకటించిరి. ఆ 2022లోనే ప్రపంచమున కలరా పెచ్చుపెరిగినది. అక్టోబరులో టీకా చాలక, రెండు మోతాదు లీయవలసిన చోట ఒక్కటే యిచ్చుటకు ప్రపంచ ఆరోగ్యసంస్థయు తోడి సంస్థలును నిర్ణయింపవలసి వచ్చినది. మన హైదరాబాదులో పుట్టిన మందు, లోకమునకు మిక్కిలి కావలసిన యేట, పరాయి ఖాతాపుస్తకములో లాభము లేదని మూలబడినది! 2024 ఆగస్టులో భారత్ బయోటెక్ వారు మరల హైదరాబాదు నుండియే వేరొక కలరా టీకాను తెచ్చిరి, సంతోషమే. కాని నాడు జరిగినది రేపు జరుగదని పూచీ యేమి?

ఈ దుఃఖము క్రొత్తది కాదు. భీమవరమున 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికాలోని లెడర్లే ప్రయోగశాలలో కూర్చుండి బోదకాలునకు మందు కనిపెట్టించిరి. బోదకాలు గోదావరి మురుగుకాలువల ప్రక్కన కాపురముండు మన రోగము. మన వాని మేధ. మందు మాత్రము సముద్రము దాటి వచ్చినది. 1907లో బిపినచంద్రపాలు రాజమహేంద్రవరమున ఉపన్యసించిన నాడు మనవారు స్వదేశి యనగా వస్త్రమును తలంచిరి. నేడు మందును తలంపవలెను, విత్తనమును తలంపవలెను. బి.టి. పత్తి విత్తనము 450 గ్రాముల పొట్లము 1,600 రూపాయలకు పైబడి అమ్మబడుచుండగా, 2006లో ఆంధ్రప్రదేశ ప్రభుత్వము గుత్తవ్యాపార నిరోధక కమిషను నెదుట వ్యాజ్యము నడపి, ధరను 750 రూపాయలకు దింపించినది. ఆ పోరు మనము గెలిచితిమి. పత్తి విత్తనము వద్దనుకొనిన రైతు మరియొక పంట వేసికొనును. టీకా విత్తనము కంపెనీ సొత్తయినచో తల్లి వేరొక టీకా నెచ్చటనుండి తెచ్చును?

ఇప్పుడు పొగాకు సంగతి. లంకపొగాకుతో చుట్ట చుట్టుకొనిన తాతలకు ఆ యాకు మందగునని చెప్పిన నవ్వుదురు. కాని మొక్కలనుండి టీకా తీయు విద్య నేడు ముఖ్యముగా నిలిచినది పొగాకు దాయాది మొక్కమీదనే. ఆస్ట్రేలియాలో పుట్టిన చిన్న మొక్క యది. నికోటియానా బెంథామియానా అని శాస్త్రనామము. పద్ధతి సులభముగా చెప్పుదుము. గాజుగదిలో కొన్ని వారములు పెంచిన మొక్కను, ముందు చెప్పిన వాహక సూక్ష్మజీవి కలిపిన నీటిలో ముంచి, ఆకుల లోనికి ఆ నీరు పట్టింతురు. కొలదిదినములలో ఆకు మాంసకృత్తును చేయును. పూవు పూయకమునుపే ఆకుకోసి, రుబ్బి, మందును శుద్ధిచేసి తీయుదురు. ఆ జన్యువు విత్తనమునకు పోదు, తరువాతి తరమునకు పోదు. ఆ యాకు నెవరును కూరగా వండుకొనరు. మిల్లులో బియ్యముతో కలియదు. వరియందు మేము చెప్పిన భయములు దీనికి వర్తింపవు. వేగమును గొప్పదియే: 2012లో మెడికాగో అను కెనడా కంపెనీ అమెరికా రక్షణశాఖ పరీక్షకై ఒక్క నెలలో కోటి మోతాదుల ఫ్లూ టీకాను ఇట్లు చేసి చూపెను. 2014లో ఎబోలా సోకిన అమెరికా వైద్యసేవకులిద్దరికి ఇచ్చిన జెడ్‌మాప్ అను ప్రతిరక్షకముల మందు కెంటకీ రాష్ట్రమున ఈ యాకునుండియే తీయబడినది. కెంటకీ యనగా పొగాకు సీమ. మనకును పొగాకు సీమ గలదు. అంతకంటె విలువైనది, పొగాకు విద్యాలయము గలదు. స్వరాజ్యము వచ్చిన 1947లోనే రాజమహేంద్రవరమున కేంద్ర పొగాకు పరిశోధన సంస్థ వెలసెను. ఇటీవల దాని పేరు వాణిజ్య వ్యవసాయ పరిశోధన జాతీయసంస్థగా మారినది. పొగాకు జాతి మొక్కల గుణగణముల నింతకాలము పరిశీలించిన ప్రభుత్వ సంస్థ మన యూర నుండగా, మనము రావులపాలెపు పండు కలలు కనుచున్నాము!

మెడికాగో కథలో మనకొక హెచ్చరిక గూడ గలదు. ఆ కంపెనీ కోవిడు టీకాను కెనడా ప్రభుత్వము 2022 ఫిబ్రవరిలో అనుమతించెను. మొక్కనుండి తీసి మనుష్యులకు అనుమతి పొందిన మొదటి టీకా యది. కాని ఫిలిప్ మోరిస్ అను సిగరెట్టు కంపెనీకి అందు వాటా యుండుటచే ప్రపంచ ఆరోగ్యసంస్థ దానిని స్వీకరింపలేదు. ఊపిరితిత్తులను కాల్చినవాడు ఊపిరికి మందమ్ముట లోకమునకు రుచింపకపోవుట న్యాయమే. 2023లో యజమానులగు మిత్సుబిషి కెమికల్ వారు కంపెనీనే మూసివేసిరి. అంతకుముందు కెనడా ప్రభుత్వ మా సంస్థకు 17 కోట్ల 30 లక్షల డాలర్ల ప్రజాధనము కేటాయించియుండెను. ధనము ప్రజలది, తాళపుచెవి వర్తకునిది. విద్య తప్పిపోలేదు, బేరము తప్పిపోయినది. రాజమహేంద్రవరమున గాజుగృహము కట్టినచో భూమి, భవనము, వంగడము, పేటెంటు సమస్తము ప్రభుత్వ సంస్థ పేరనే యుండవలెను. సిగరెట్టు కంపెనీల రూపాయి యొక్కటియు అందు చేరరాదు. ఇందువలన లంకరైతుకు పొగాకు ధర పెరుగునని మేము ఆశపెట్టము. గాజుగదిలో పెరుగు మొక్కకు లంకభూమితో పనిలేదు. రైతు కిందు కలుగు మేలు ఒక్కటే: అతని వరి వరిగా మిగులును.

మందు ఎంత మంచిదైనను జనుల సమ్మతి లేక యీయరాదను సంగతి ఈ నదీతీరమువారికి వేరొకరు చెప్పనక్కరలేదు. 2009లో నాటి ఆంధ్రప్రదేశములోని ఖమ్మము జిల్లాలో, భద్రాచలము పరిసరములతో సహా, పాత్ అను అమెరికా సంస్థయు, భారత వైద్యపరిశోధన మండలియు, రాష్ట్ర ప్రభుత్వమును కలిసి గర్భాశయ ముఖద్వారపు క్యాన్సరు రాకుండ నుండుటకు సుమారు 14,000 మంది బాలికలకు టీకాలు వేయించిరి. కొందరు బాలికలు మరణించుటతో 2010 ఏప్రిలులో ఆ కార్యక్రమము నిలిపివేయబడెను. మరణములకు టీకా కారణము కాదని విచారణలో చెప్పిరి. అట్లే యగుగాక. కాని బాలికల తలిదండ్రులు సంతకము చేయవలసిన సమ్మతి పత్రములపై వసతిగృహముల వార్డెన్లు సంతకములు చేసిరను సంగతిని 2013లో పార్లమెంటు స్థాయీసంఘము తీవ్రముగా ఖండించినది. ఆ సంఘపు నివేదికను న్యాయస్థానము చూడవచ్చునా యను ప్రశ్న సుప్రీముకోర్టు రాజ్యాంగ ధర్మాసనము వరకు పోయి, చూడవచ్చునని 2018లో తీర్పువచ్చినది. గిరిజన బాలిక చదువలేని కాగితము దేశపు రాజ్యాంగ చరిత్రలో నొక పుట యైనది. అమ్మ కర్థముగాని భాషలో నున్న సమ్మతి సమ్మతియే కాదు. ఏ పరీక్షయైనను ఈ జిల్లాలలో జరుగవలసినచో ప్రతి కాగితమును తెలుగున నుండవలెను. కొండలలో వారి వారి భాషలలో చదివి వినిపింపవలెను. గ్రామసభయెదుట ప్రశ్నలకు జవాబు చెప్పు వైద్యుడు నిలువవలెను. కీడు కలిగినచో ఎవరు ఎంత చెల్లింతురో ముందుగనే వ్రాసియుండవలెను.

చట్టము సంగతి చూడగా, 1986 నాటి పర్యావరణ చట్టము క్రింద 1989లో చేసిన నియమములే నేటికిని ఆధారము. వంకాయ విషయమున 2010లో కేంద్రమంత్రి జైరాం రమేష్ హైదరాబాదుతో సహా ఏడు నగరములలో ప్రజల మాట విని, తరువాతనే నిలుపుదల ఆజ్ఞ యిచ్చెను. ఆవాల విషయమున 2024 జూలైలో సుప్రీముకోర్టు న్యాయమూర్తు లిరువురు భిన్నాభిప్రాయులైనను, జన్యుపరివర్తిత పంటలకు జాతీయ విధానము కావలెననుటలో ఏకీభవించిరి. మందును పండించు మొక్కల మాట ఆ విధానమున ప్రత్యేకముగా నుండవలెను. పురుగును తట్టుకొను వంకాయ వేరు, దేహమును మార్చు మందు వేరు. రెంటిని ఒకే తక్కెడలో తూచుట అన్యాయము.

గోదావరి జిల్లాల పార్లమెంటు సభ్యులను మేము కోరునవి రెండు ప్రశ్నలు. మనుష్యులు తిను పంటలలో, ముఖ్యముగా వరిలో, టీకా జన్యువులుగాని ఔషధ జన్యువులుగాని చేర్చి బయలుచేలలో పండించుటను శాసనముచే నిషేధింతురా? రాజమహేంద్రవరపు ప్రభుత్వ సంస్థలో పొగాకుజాతి మొక్కలనుండి టీకామందు తీయుటకు గాజుగృహమును, శుద్ధిశాలను ప్రజాధనముతో, ప్రజాస్వామ్యమునందే యుంచి నెలకొల్పుదురా? లోక్‌సభలో ప్రశ్న వేయుటకు పదునైదు దినముల ముందు నోటీసు ఇచ్చిన చాలును. సభ్యుల కీ సంగతి తట్టకున్నచో పాఠకులే వ్రాయవచ్చును. వారి చిరునామాలు ఎరుగనివా రెవరును లేరు. ఉత్తరము తెలుగున నున్నను చెల్లును.